సంగటి బంటు

మా కోడలు రాగి సంగటి కెలికేటప్పుడు వచ్చే వాసన వంటింటి గడప దాటి వసారాలోకి వస్తుంది. పిండి ఉడికి, అడుగున కొంచెం పట్టి, తెడ్డు గిన్నె అంచుకు తగిలి చప్పుడు చేసే వేళకు నేను చదువుతున్న పుస్తకం మూసేస్తాను. వేడి ముద్ద పళ్ళెంలో పడగానే అందరూ నడుమ గుంట చేసి పులుసో నెయ్యో పోసుకుంటారు. నేను మాత్రం ముందుగా చిటికెడు తుంచి, అరచేతిలో చుట్టి, అడుగు వెడల్పుగా నొక్కి, పైన చిన్న తల నిలిపి, పళ్ళెం పక్కన పెడతాను. "మామయ్య బంటును దింపినారు, ఇంక పులుసు పొయ్యొచ్చు" అని మా కోడలు ఎగతాళి చేస్తుంది. చేయనీ. ఈ అలవాటు నాకు అంటించినవాడు ఓబులేసు. అతను నాకు చుట్టమూ కాదు, గురువూ కాదు. జమ్మలమడుగు సబ్‌జైల్లో విచారణ ఖైదీ. నేను ఆదివారం ఆదివారం ఆ జైలుకు వెళ్ళివచ్చే విజిటర్ని.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తల్లో నేను జమ్మలమడుగు హైస్కూల్లో తెలుగు పంతులుగా చేరాను. సబ్‌జైలు తాలూకా కచేరీ ఆవరణలోనే ఉండేది. ఖైదీలకు ఉత్తరాలు రాసిపెట్టడానికీ, వాళ్ళ మంచిచెడ్డలు విని అక్కడి పుస్తకంలో నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టడానికీ చదువుకున్నవాడు ఒకడు వారానికోసారి రావాలని కచేరీ నుంచి మా హెడ్మాస్టరు గారికి కబురొచ్చింది. పెద్ద పంతుళ్ళందరికీ ఆదివారం ఏదో ఒక పని తగిలింది. నాకు అప్పటికి పెళ్ళి కాలేదు, కాదనే ధైర్యమూ లేదు. అట్లా నేను విజిటర్నయ్యాను. మనసులో మాత్రం, ఇంతమందిలో నన్నే ఎంచుకున్నారంటే నాలో ఏదో ఉందనుకున్నాను. ఆ వయసులో నాకు నా మీద ఉన్న గౌరవం ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది.

మొదటి ఆదివారం వెళ్ళేసరికి లోపల పదిమంది దాకా ఉన్నారు. కమ్మీల తలుపు దగ్గర ఇద్దరు నేల మీదికి వంగి కూర్చున్నారు. నేలంతా నాపరాయి పరిచి ఉంది. ఆ రాతి మీద బొగ్గుతో అరవైనాలుగు గళ్ళు గీశారు. పావులు కొన్ని నల్లగా, కొన్ని సున్నం పూసి తెల్లగా ఉన్నాయి. ఏమిటవని అడిగితే సంగటి అన్నారు. తినగా మిగిల్చిన సంగటితో ఏనుగులూ గుర్రాలూ బంట్లూ చేసి ఎండబెట్టుకున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ట్రైనింగు కాలేజీలో చదరంగంలో నన్ను ఓడించినవాడు లేడు. ఇంగ్లీషు పుస్తకం ముందు పెట్టుకుని నేర్చుకున్న ఆట నాది. వచ్చే వారం నా కొయ్య పావులు తెస్తానన్నాను. జమేదారు ఖాదర్ సాబు వీల్లేదన్నాడు. కొయ్య సామాను లోపలికి పోకూడదట. సంగటి అయితే ఆయనకు అభ్యంతరం లేదు, ఎందుకంటే అది లోపలిదే.

నన్ను లోపలికి పంపడానికీ ఆయన ఒప్పుకోలేదు. అందుకని బొగ్గు గీతలు చెరిపి, కమ్మీల కింద నాలుగు వరుసలు లోపలికీ నాలుగు వరుసలు వసారాలోకీ వచ్చేట్టు కొత్తగా గీశారు. తలుపు అడుగున పావులు దూరేంత సందు ఉంది. లోపల ఓబులేసు, బయట నేను, పక్కన బల్ల మీద ఖాదర్ సాబు. ఓబులేసుకు యాభై ఏళ్ళుంటాయి. పులివెందుల పక్కనుంచి మందతో వచ్చిన గొర్రెల కాపరి. సన్నగా, పొడుగ్గా, చెవులకు పోగులతో ఉండేవాడు. బంట్లను గొర్రెల్ని అదిలించినట్టు అదిలిస్తూ, నాలుకతో చప్పుడు చేస్తూ ముందుకు జరిపేవాడు. అతని బంటు ఒకటి కమ్మీల కింది నుంచి నా వైపుకు దాటింది.

"సారూ, మావోడు జైలు దాటి మీ కాడికొచ్చినాడు. జమేదారుకు చెప్పొద్దండి" అన్నాడు.

ఖాదర్ సాబు సహా అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ బంటే కాసేపటికి నా రాజు గొంతు మీద కూర్చుంది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని పిల్లలకు చెప్పే సామెత ఆరోజు నాకు అక్షరాలా అర్థమైంది.

తరవాత ఆరేడు నెలలు నేను ఓడుతూనే ఉన్నాను. వాళ్ళ ఆట నేను చదివిన పుస్తకంలోది కాదు. బంటు మొదటి ఎత్తులో కూడా ఒక గడే నడవాలి. రాజు ఒక్కసారి గుర్రంలా ఎగరొచ్చు. అవతలి కొసకు చేరిన బంటు ఏ గడిలో నిలిస్తే ఆ గడి పావే అవుతుంది, నీకు నచ్చింది కాదు. ఈ సూత్రాలన్నీ నాకు ఎవరూ ముందుగా చెప్పలేదు. ఒక్కొక్కటీ ఓడిపోయి నేర్చుకున్నాను. ఒక వారం నా నల్ల ఏనుగును ఎలుక సగం తినేసింది. మిగిలిన సగం ఏనుగు కిందికి వస్తుందా రాదా అని పెద్ద తగవు. ఎలుక తిన్నది ఓబులేసు ఎత్తు కాదు కాబట్టి ఏనుగు బతికే ఉందని నేను వాదించాను. ఖాదర్ సాబు గంభీరంగా ఆలోచించి, ఒక చింతగింజ తెచ్చి ఆ గడిలో పెట్టి, ఇదే ఏనుగు, ఆడండి అన్నాడు. ఆ చింతగింజ ఏనుగుతోనూ ఓడిపోయాను.

ఆట నడిచినంతసేపూ ఒక్కొక్కరూ వచ్చి ఉత్తరాలు చెప్పి రాయించుకునేవాళ్ళు. నేను రాస్తుంటే ఓబులేసు ఎత్తు వేయకుండా ఆగేవాడు. ఎవరైనా తన భార్యకు ఏదో కటువైన మాట చెబుతుంటే, "ఆ మాట రాయొద్దు సారూ, రేపు ఈయప్పే ఏడుస్తాడు" అని అడ్డం పడేవాడు. అతను మాత్రం ఎవరికీ ఉత్తరం రాయించలేదు. ఎందుకని అడిగితే, ఎవరికి రాయాల్నో వాడు చదవడు అన్నాడు. చదువు రాదేమో అనుకున్నాను. అతని కేసు ఏమిటో కూడా అడగలేదు. గొర్రెల కాడ కొట్లాట అని ఖాదర్ సాబు ఒకసారి అన్నాడు, అంతే. నిజం చెప్పాలంటే నాకప్పుడు ఇతరుల కేసుల మీద ధ్యాస లేదు. నా కేసే నాకు సరిపోయింది.

ఆ కేసు మా తమ్ముడు శేషుకూ నాకూ మధ్య. ప్రొద్దుటూరు దగ్గర మా ఊళ్ళో నాన్న సంపాదించిన మెట్ట పొలం, అందులో ఒక కపిలి బావి ఉండేవి. ఎద్దులు తోలు బొక్కెనతో నీళ్ళు తోడే బావి అది. నాన్న పౌరోహిత్యం తమ్ముడికి వచ్చింది, ఉద్యోగం నాకు వచ్చింది. పొలం ఇద్దరికీ సగం సగం రాసి, బావి ఉన్న చెక్క పెద్దవాణ్ణని నా పేర పెట్టాడు నాన్న. ఇద్దరూ వాడుకుంటారనే ఆయన ఉద్దేశం. ఆయన కర్మ పన్నెండో రోజున చుట్టాలందరి ముందర శేషు ఒక మాటన్నాడు. నెల జీతానికి బతికేవాడికి మట్టితో ఏం పని, వాడికి కాడి ఎటు కట్టాలో తెలుసా అని. ఆ మాట నాకు ముల్లులా దిగింది. బావి నాది, నీళ్ళూ నావే, నా చెక్కలో కాలు పెట్టకూడదని ప్రొద్దుటూరు కోర్టులో దావా వేశాను. వాడి చెక్కకు వేరే నీళ్ళు లేవు. నీళ్ళు లేకపోతే అది బీడే. ముగ్గురు పిల్లలున్నవాడు. వారానికి రెండు రోజులైనా తోడుకోనియ్యమని ఊరి పెద్దల చేత కబురు పంపాడు. నేను వీల్లేదన్నాను. కాగితం నా వైపే ఉందని, గెలుపు ఖాయమని ప్లీడరు గారు చెప్పారు.

కోర్టులో నా వాంగ్మూలం సోమవారం ఉందనగా ఆ ముందురోజు జైలుకు వెళ్ళాను. ఉత్సాహంలో ఉన్నాను. వచ్చే ఆదివారానికి బావి నాదైపోతుందని ఖాదర్ సాబుతో గొప్పగా చెప్పుకున్నాను. ఓబులేసు పావులు సర్దుతూ తల ఎత్తకుండానే అడిగాడు.

"మరి తమ్మునికి నీళ్ళు యాడియ్యి సారూ?"

"వాడి పాట్లు వాడు పడతాడు" అన్నాను.

అతను మొదటి బంటును జరిపాడు. ఆరోజు అతని ఆట ఎందుకో చెదిరింది. ఆరేడు నెలల కసి నా వేళ్ళలోకి వచ్చింది. మంత్రిని తీశాను. రెండు ఏనుగుల్నీ తీశాను. గుర్రాలూ శకటాలూ ఒక్కొక్కటే నా ఒళ్ళోకి వచ్చాయి. ఖైదీలంతా కమ్మీల దగ్గరికి చేరారు. చివరికి అతనికి రాజూ, మూలన ఒకే ఒక్క బంటూ మిగిలాయి. నాకు మంత్రి ఉంది, ఏనుగు ఉంది. ఆ బంటును వదిలేసి నాలుగు ఎత్తుల్లో ఆట కట్టేయొచ్చు. కానీ అతని వైపు ఏమీ లేకుండా, ఒంటి రాజును చేసి, అప్పుడు కట్టాలనిపించింది నాకు. ఏనుగును జరిపి ఆ బంటును కొట్టేశాను. కొట్టి, అందరి మొహాలూ చూశాను.

ఖాదర్ సాబు బల్ల దిగివచ్చి, అరచేత్తో గళ్ళ మీది పావులన్నీ ఒక పక్కకు తోసేశాడు.

"ఆట చెడిపాయ. గెలుపు లేదు, ఓటమి లేదు" అన్నాడు.

నేను గట్టిగానే అరిచాను. మంత్రీ ఏనుగూ ఉన్నవాడు గెలవకపోవడమేమిటన్నాను. ఇదెక్కడి న్యాయమన్నాను. అప్పుడు చెప్పారు, వాళ్ళ ఆటలో అన్నిటికన్నా పెద్ద సూత్రం. ఎదుటివాడి పావులన్నీ చంపేసి ఒంటి రాజును చేస్తే ఇంక ఆట లేదు. గెలవాలంటే వాడికి ఒక్క బంటైనా ఉండగానే గెలవాలి. ఇన్నాళ్ళూ ఈ మాట నాకెందుకు చెప్పలేదని మండిపడ్డాను. ఓడిపోయేవాడికి ఆ సూత్రంతో పనేముంటుందని ఖాదర్ సాబు నెమ్మదిగా అన్నాడు. నవ్వకుండానే అన్నాడు పాపం. నాకు తల కొట్టేసినట్టయింది. లేచి చెప్పులు తొడుక్కోబోయాను.

"కుచ్చో సారూ, పోదువులే" అన్నాడు ఓబులేసు. నేను కోపంగానే కూర్చున్నాను. అతను కింద పడిన ఆ బంటును ఏరుకుని, దాని మీది దుమ్ము తుడుస్తూ తన కేసు సంగతి చెప్పాడు. అతనికీ, చిన్నాయన కొడుకు గంగన్నకూ తాతలనాటి మంద ఉమ్మడిగా ఉండేది. చిన్నాయన చిన్న వయసులోనే పోయాడు. మందను మేపిందంతా తానేనని, గంగన్నకు హక్కు లేదని పెద్దమనుషుల ముందు ఓబులేసు వాదించాడు. మాటకారి కాబట్టి గెలిచాడు. మంద మొత్తం తనదైంది. ఆ సాయంత్రం గంగన్న ఇంటికొచ్చి, ఒక్క ఆడ గొర్రెపిల్లనియ్యి అన్నా, దాంతో మళ్ళీ మంద చేసుకుంటానని అడిగాడు. ఒక్కటిస్తే హక్కు ఒప్పుకున్నట్టవుతుందని ఓబులేసు ఇవ్వలేదు. మూడు నెలలకు పెన్న ఒడ్డున ఎవరిదో చేనులో ఎరువు కోసం మందను కట్టి ఉంటే, తెల్లారి పొద్దున గంగన్న గొడ్డలితో వచ్చాడు. ఓబులేసు కర్రెత్తాడు. గంగన్న కుడిచెయ్యి మోచేతి దగ్గర విరిగింది, మళ్ళీ లేవలేదు.

"ఒక్క గొర్రెపిల్లుంటే వాడు దాని ఎనకాల పోయింటాడు సారూ. ఏమీ లేనోడు గొడ్డలి ఎనకాల వచ్చినాడు. తప్పు వాందా, నాదా? కోర్టు ఏమన్నా చెప్పనీ. నాదే." ఆ బంటును కమ్మీల కింది నుంచి నా వైపుకు తోశాడు. "ఓడేవానికి ఏముందప్పా, ఓడిపోతాడు. గెలిచేవానికే జాగ్రత్త శానా కావాల."

పుస్తకంలో సంతకం పెట్టకుండానే వచ్చేశాను. దారి పొడుగునా అతన్ని తిట్టుకున్నాను. గొర్రెలు కాసుకునేవాడు నాకు ధర్మం చెప్పడమా అనుకున్నాను. ఇంత కాలానికి ఆ మాట ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ అనుకున్నాను.

సోమవారం పొద్దున బస్సులో ప్రొద్దుటూరు వెళ్ళాను. కోర్టు వసారాలో శేషు ఓ మూల గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో సద్దిమూట. నన్ను చూసి లేవబోయి, ఏం గుర్తొచ్చిందో, మళ్ళీ కూర్చున్నాడు. చిన్నప్పుడు నేను బడి నుంచి వస్తుంటే ఊరి మొగదలకు ఎదురొచ్చి నా పలకా సంచీ మోసినవాడు వాడు. పేరు పిలిచేదాకా నేను ఏమీ తేల్చుకోలేదు. ఈ విషయంలో నేను గొప్పవాణ్ణని చెప్పుకుంటే అబద్ధం. పిలుపు వినపడ్డాక కాళ్ళు లోపలికి కదల్లేదు. ప్లీడరు గారిని పక్కకు పిలిచి, రాజీ అన్నాను. బావి చెరిసగం, వారం విడిచి వారం. గెలిచే కేసును చేతులారా పాడు చేసుకుంటున్నారని ఆయన నా మీద విరుచుకుపడ్డారు. నిజమే, గెలిచే కేసు కాబట్టే పాడు చేస్తున్నానన్నాను. ఆయనకు అర్థం కాలేదు. కాగితాల మీద సంతకాలయ్యాక శేషు నా వెనకే మెట్లు దిగాడు.

"ఎవరు చెప్పినారన్నా నీకు?" అని అడిగాడు.

"జైల్లో ఒక ఖైదీ."

ఎగతాళి చేస్తున్నాననుకుని వాడు తల దించుకున్నాడు. కాసేపటికి సద్దిమూట విప్పి, చింతచెట్టు నీడన సగం నా ముందు పెట్టాడు. ఇద్దరం తిన్నాం. నాకు దుఃఖం వచ్చింది, కానీ అది వాడు చూడలేదనే అనుకుంటున్నాను.

తరవాతి ఆదివారం జైలుకు వెళ్ళి సంగతి చెప్పాను. నన్ను మెచ్చుకుంటాడేమోనని ఆశపడ్డాను. ఓబులేసు మాత్రం, "మంచి పని. ఇంక ఆడు సారూ, నీ ఎత్తే" అన్నాడు. ఆ తరవాత ఎక్కువ రోజులు అతను అక్కడ లేడు. కడప కోర్టులో తప్పు ఒప్పుకున్నాడని, రెండేళ్ళు వేశారని ఖాదర్ సాబు చెప్పాడు. పెద్ద జైలుకు పంపే ముందు ఒక్క పూటకు జమ్మలమడుగు తెచ్చారు. ఆదివారం కాకపోయినా ఖాదర్ సాబు బడికి కబురు పెట్టాడు, మధ్యాహ్నం గంట కొట్టగానే పరుగున వెళ్ళాను. ఆ ఆట అతను చాలా ఓపికగా ఆడాడు. నా పావులన్నీ పోయాయి, ఒక్క బంటు తప్ప. దాన్ని చంపే వీలు అతనికి మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ పక్కకు తప్పుకుని వెళ్ళాడు. చివరికి బంటుతోనే నా రాజును కట్టేశాడు. వాళ్ళ ఆటలో అదే అన్నిటికన్నా గొప్ప గెలుపు. నాకు మిగిలిన ఆ బంటును తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇది నీదే సారూ. ఎలకలకు పెట్టొద్దు" అన్నాడు.

ఎలుకలకు పెట్టలేదు. వారం తిరక్కుండా చీమలు తినేశాయి.

ఆరేడేళ్ళ తరవాత, ఆంధ్రప్రదేశ్ వచ్చాక, నన్ను పులివెందులకు బదిలీ చేశారు. ఒకరోజు బస్సు దిగి నడుస్తుంటే రోడ్డుకు అడ్డంగా మంద వచ్చింది. మంద వెనక ఓబులేసు. నెత్తిన తలపాగా ఉంది, వెంట్రుకలు నెరిశాయి. నన్ను చూడగానే గుర్తుపట్టి, చేయి పట్టుకుని వదల్లేదు. ముందు నా తమ్ముడి సంగతి అడిగాడు. బావి చుట్టూ చీనీ మొక్కలు పెట్టాడని చెబితే, కళ్ళు చిన్నవి చేసుకుని నవ్వాడు. గంగన్న ఎలా ఉన్నాడని నేనడిగాను. జైలు నుంచి వచ్చిన మర్నాడే మందలో సగం తోలుకుపోయి అతని గుడిసె ముందు విడిచివచ్చానన్నాడు.

"గొర్రెల్ని తీసుకున్యాడు సారూ. మాట మాత్రం ఈలేదు. నేనుండే దిక్కు చూడడు. చెయ్యి పాయ కదా, ఎట్ల చూస్తాడు?" కాసేపు దూరంగా వెళుతున్న మంద వైపు చూశాడు. "నువ్వు టయానికి ఆగినావు. నేను ఆట చెడినంక తెలుసుకున్యా."

అతన్ని చూడడం అదే చివరిసారి. మందతో ఏ ఊరికి పోయాడో, ఎప్పుడు పోయాడో నాకు తెలియదు. అడగవలసినవి ఎన్నో ఉన్నాయి, ఆరోజు బడికి వేళవుతోందని తొందరపడ్డాను. ఆ తొందర నా మనసును ఇప్పటికీ కెలుకుతూనే ఉంటుంది. నాకు చదువు చెప్పిన పంతుళ్ళ పేర్లు కొన్ని మరిచిపోయాను గానీ, ఓబులేసు నాలుకతో చేసే ఆ చప్పుడు మరిచిపోలేదు.

నా భార్య పోయి తొమ్మిదేళ్ళయింది. నాతో పనిచేసినవాళ్ళలో ఉత్తరం రాసేవాళ్ళు కూడా లేరు. ఇప్పుడు ప్రొద్దుటూరులో కొడుకింట్లో ఉంటున్నాను. ఆదివారం వస్తే పదిన్నర బస్సుకు శేషు దిగుతాడు. మోకాళ్ళ నొప్పులతో, సంచిలో చీనీకాయలతో వస్తాడు. అవి ఆ బావి నీళ్ళతో కాసినవే. ఇద్దరం వసారాలో చదరంగం పరుస్తాం. వాడికి ఆట సరిగా రాదు, ఎన్నేళ్ళు నేర్పినా రాదు. నేను గెలవబోయే వేళకు వాడికి ఒక్క బంటు మిగులుతుంది. దాన్ని నేను ముట్టుకోను. ఎందుకు వదిలేశావన్నా అని ప్రతిసారీ అడుగుతాడు. ఆనాడు కోర్టులో నేను తమ్ముడికి ఒక బంటును మిగిల్చాననే చాలా కాలం అనుకున్నాను. ఇప్పుడు నా గడుల వైపు చూసుకుంటే, మిగిలింది నాకేనని తెలుస్తోంది. లోపల తెడ్డు చప్పుడు ఆగింది. సంగటి అయినట్టుంది. బస్సు వచ్చే వేళయింది, ఎదురు వెళ్ళాలి.